అమ్మకి సర్పి (షింగిల్స్) వచ్చి మూడు నెలలైంది, నొప్పి పోవడం లేదు. నాన్నకి షింగిల్స్ టీకా వేయించాలా?

సంపెంగ, సీతమ్మధార | మే 18, రాత్రి 9.40

మా అమ్మకి 68 ఏళ్ళు. ఫిబ్రవరి మూడో వారంలో ఒక రాత్రి ఎడమ రొమ్ము కింద నుంచి వీపు దాకా మంటగా ఉందంది. గుండెనొప్పేమోనని హడలిపోయి అప్పటికప్పుడు దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఈసీజీ బాగానే ఉంది, గ్యాస్ అన్నారు, మాత్ర రాసిచ్చి పంపేశారు. మూడు రోజులు అదే వేసుకుంది. నాలుగో రోజు స్నానం చేసి వచ్చి "చూడవే, ఇక్కడేవో లేచాయి" అని చూపించింది. ఆవగింజంత నీటి పొక్కులు, గుత్తులు గుత్తులుగా, వెన్నెముక పక్కన మొదలై రొమ్ము కిందకి వచ్చి ఆగిపోయాయి. వేడి చేసిందనుకున్నాం. మజ్జిగ తాగించాం, వేపాకు నూరి రాశాం. ఆరు రోజులు అలాగే గడిచాక పక్కింటి ఆంటీ చూసి "అయ్యో, ఇది సర్పి కదమ్మా, చర్మం డాక్టరుకి చూపించలేదా?" అంటే అప్పుడు కదిలాం. డాక్టరు మాత్రలు రాస్తూ "మూడు రోజుల్లోపు వచ్చి ఉంటే బాగుండేదమ్మా" అన్నారు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నిద్ర పట్టదు నాకు.

పొక్కులు నెల తిరక్కుండానే మాడిపోయాయి. నొప్పి మాత్రం పోలేదు. జాకెట్టు ఒంటికి ఆనితే చాలు, విలవిల్లాడిపోతుంది. నాన్న పాత లాల్చీ ఒకటి వేసుకుని, ఎడమవైపు బట్ట చర్మానికి తగలకుండా రెండు వేళ్ళతో ముందుకి లాగి పట్టుకుని కూర్చుంటుంది. టీవీ చూస్తున్నా, కూరలు తరుగుతున్నా ఆ రెండు వేళ్ళు అక్కడే. ఫ్యాను గాలి నేరుగా తగిలినా ఓర్చుకోలేదు. ఈ ఉక్కపోతలో ఫ్యాను గోడవైపు తిప్పుకుని పడుకుంటున్నాం.

నాన్నకి 71, షుగరు ఉంది. దీనికి టీకా ఉందని, రెండు డోసులని, ఖరీదెక్కువని విన్నాను. వేయించాలంటారా? అమ్మకి ఒకసారి వచ్చేసింది కాబట్టి ఇక రాదా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

ఉక్కునగరం పెద్దాయన | మే 18, రాత్రి 10.15

అమ్మా, మీ అమ్మగారి బాధ నాకు తెలుసు. నాకు 2019లో నుదుటి మీద వచ్చింది. కుడి కనుబొమ నుంచి జుట్టు లోపలి దాకా. తలస్నానం చేసినప్పుడు దువ్వెన గీరుకుందేమో అనుకున్నాను. మర్నాటికి ముక్కు కొస మీద ఒక్క పొక్కు లేచింది. మాకు తెలిసిన డాక్టరుగారు ఆ ఒక్క పొక్కు చూసి కుర్చీలోంచి లేచారు. "ముక్కు కొసకి, కంటికి వెళ్ళే నరం ఒకటే. ఇవాళే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి, రేపు కాదు" అన్నారు. వెళ్ళాను కాబట్టి చూపు దక్కింది. కానీ నల్లగుడ్డు మీద మచ్చ మిగిలింది. రాత్రిపూట స్కూటరు మానేశాను, ఎదురు లైట్లు పడితే అంతా చెదిరిపోతుంది.

నుదుటి మీద, కంటి చుట్టూ, ముక్కు మీద వస్తే మాత్రం ఎవరూ ఇంట్లో కూర్చోకండి. మన విశాఖలో అయితే హనుమంతవాకలో ఎల్వీ ప్రసాద్ వాళ్ళ కంటి ఆసుపత్రి ఉంది, పెద్దవాల్తేరు వైపు ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది. ఏదైనా సరే, ఆ పూటే వెళ్ళండి.

భీమిలి కోడలు | మే 19, ఉదయం 6.50

మా అత్తయ్యగారికి నడుము దగ్గర వచ్చింది. మా వాళ్ళంతా కావి పూయించాలి, మంత్రం వేయించాలి అన్నారు. సర్పి నడుమంతా చుట్టుకుని తల, తోక కలిస్తే మనిషి దక్కదట. ఆవిడ భయంతో అద్దంలో చూసుకుంటూ, ఇంకెంత దూరం పాకిందో రోజూ నన్ను కొలవమనేవారు. నొప్పి కంటే ఆ భయంతోనే సగం అయిపోయారు. అది నిజంగా కలుస్తుందా అండీ? డాక్టర్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

తెల్లకోటు | మే 19, మధ్యాహ్నం 2.30

నేను జనరల్ మెడిసిన్ డాక్టరుని. ఓపీ అయ్యాక రాస్తున్నాను, కొంచెం పొడుగవుతుంది.

ముందు కోడలుగారి ప్రశ్న. కలవదండీ, అత్తయ్యగారికి ధైర్యం చెప్పండి. చిన్నప్పుడు మనకి ఆటలమ్మ పోసి తగ్గుతుంది చూశారా, ఆ వైరస్ ఒంట్లోంచి పోదు. వెన్నుపాము పక్కన నరాల మొదళ్ళలో దాక్కుని 40, 50 ఏళ్ళు నిద్రపోతుంది. వయసు మీద పడో, షుగరు వల్లో, స్టెరాయిడ్లు, క్యాన్సర్ మందుల వల్లో రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు ఒక నరంలో లేస్తుంది. ఆ నరం వెంబడే చర్మం మీదకి వస్తుంది. మన నరాలు వెన్నెముక నుంచి కుడికి వేరు, ఎడమకి వేరు. అందుకే పొక్కులు ఒక పక్కనే పట్టీలా వచ్చి ఒంటి మధ్య గీత దగ్గర ఆగిపోతాయి. సంపెంగ గారి అమ్మగారికి సరిగ్గా అలాగే ఆగాయి. ఒంటి నిండా, రెండు పక్కలా వచ్చిందంటే ఆ మనిషిలో నిరోధక శక్తి బాగా దెబ్బతిందని అర్థం. ఆసుపత్రిలో చేర్చాల్సిన పరిస్థితి అది. పెద్దలు భయపడటానికి మూలం అలాంటి కేసేదో చూసి ఉండటమే అనిపిస్తుంది నాకు.

కావి పూయడం గురించి నేనెవరినీ తిట్టను. పొక్కులు రెండు నుంచి నాలుగు వారాల్లో వాటంతటవే మానతాయి. అందుకే ఏది పూసినా దానివల్లే తగ్గిందనిపిస్తుంది. కానీ వైరస్‌ని ఆపే మాత్రలు, అసైక్లోవిర్ గానీ వాలాసైక్లోవిర్ గానీ, పొక్కు లేచిన 72 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తాయి. అసైక్లోవిర్ 800 మిల్లీగ్రాములు రోజుకి ఐదుసార్లు, వారం రోజులు. కిడ్నీ సమస్య ఉంటే డోసు తగ్గించాలి కాబట్టి షాపులో అడిగి కొనుక్కోవద్దు. కావి పూయించుకోవడానికి పోయిన రెండు రోజులు ఆ 72 గంటల్లోంచే పోతాయి. నా బాధ అదొక్కటే.

పైగా పొక్కులు లేవకముందే రెండు మూడు రోజులు ఉత్త మంట ఉంటుంది. ఆ దశలో గుండె అనుకుంటాం, కిడ్నీ రాయి అనుకుంటాం. సంపెంగ గారూ, ఈసీజీ తీయించడం మీ తప్పు కాదు. ఆ వయసులో ఎడమవైపు నొప్పి అంటే ముందు గుండెనే చూడాలి. ఆ పని సరిగ్గానే చేశారు.

ఇక నొప్పి. పొక్కులు మానాక కూడా మూడు నెలలు దాటి ఉంటే అది నరం దెబ్బతిన్న నొప్పి. సర్పి వచ్చినవాళ్ళలో వందకి 10 నుంచి 18 మందికి ఇలా మిగులుతుంది. వయసు పెరిగేకొద్దీ ఎక్కువ. మామూలు నొప్పి మాత్రలకి లొంగదు. గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి తక్కువ డోసుతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. లిడోకైన్ పట్టీలు కూడా ఉన్నాయి. నొప్పి నిపుణుల దగ్గరికి ఒకసారి తీసుకెళ్ళండి, ఓర్చుకోమని ఊరుకోకండి.

టీకా సంగతి: నాన్నగారికి తప్పక వేయించండి. ఒకసారి వచ్చినవాళ్ళకి మళ్ళీ రాదనేం లేదు, కొందరికి వస్తుంది. పొక్కులు పూర్తిగా మానాయి కాబట్టి అమ్మగారికి కూడా వేయించవచ్చు. అయితే ఇప్పుడున్న నొప్పికి అది మందు కాదు, ఇకముందు రాకుండా చూసేది మాత్రమే. ఆ ఆశతో వేయించి తర్వాత నిరాశపడకండి.

గాజువాక తమ్ముడు | మే 19, రాత్రి 8.05

డాక్టరుగారూ, ఏమీ అనుకోకండి. ఆ టీకా డోసుకి దాదాపు పది వేలట. ఇద్దరికి రెండేసి డోసులంటే నలభై వేలు. మా నాన్న పోర్టులో కాంట్రాక్టు కూలీగా చేసి మానేశారు, పింఛనంటూ ఏమీ లేదు. బీపీ మాత్రలకే ప్రతి నెలా చూసుకుని ఖర్చు పెడతాం. వస్తుందో రాదో తెలియని జబ్బుకి అంత పెట్టమంటే మాలాంటివాళ్ళు ఎలా పెడతాం? మన సర్కారు పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో ఉచితంగా ఎందుకు వేయరు?

తెల్లకోటు | మే 19, రాత్రి 10.20

తమ్ముడూ, నువ్వడిగింది న్యాయమైన ప్రశ్న. ఈ టీకా ప్రభుత్వ టీకాల పథకంలో లేదు, ఎవరికివారు కొనుక్కోవాల్సిందే. ఉండాలనే నా అభిప్రాయం కూడా. ఆరోగ్య బీమాలు కూడా మామూలుగా టీకాల ఖర్చు ఇవ్వవు. మీ పాలసీ కాగితం మాత్రం ఒకసారి చూసుకోండి.

వస్తుందో రాదో అన్నావు. అమెరికా వాళ్ళ లెక్కలో ముగ్గురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. డబ్బు ఒక్కరికే సరిపోతే ముందు ఎవరికి అన్నది ఆలోచించాలి. వయసు ఎక్కువున్నవాళ్ళు, షుగరున్నవాళ్ళు, నిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్ళు ముందు. డబ్బు కుదరకపోతే 72 గంటల సంగతి ఇంట్లో అందరికీ తెలిసేలా చూడు. దానికి పైసా ఖర్చు లేదు. అసైక్లోవిర్ ఖరీదైన మందేమీ కాదు.

మర్రిపాలెం మాస్టారు | మే 20, ఉదయం 5.30

నేను జంతుశాస్త్రం చెప్పి రిటైరైనవాడిని. వయసు 74. టీకా రెండు డోసులూ వేయించుకున్నాను కాబట్టి నా అనుభవం రాస్తాను.

ఇప్పుడు మన దగ్గర వేస్తున్నది షింగ్రిక్స్. అమెరికాలో 2017లో అనుమతి వచ్చింది, మన దేశానికి 2023లో వచ్చింది. దీంట్లో బతికున్న వైరస్ లేదు. వైరస్ పైపొరలోని ఒక ప్రొటీన్‌ను మాత్రం తీసుకుని, నిరోధక శక్తిని గట్టిగా తట్టిలేపే పదార్థాన్ని కలిపి తయారుచేస్తారు. అంతకుముందు జోస్టావాక్స్ అని ఉండేది, అది బలం తగ్గించిన బతికున్న వైరస్. వయసు పైబడినవాళ్ళలో అంతగా పనిచేయలేదు, అమెరికాలో 2020లో ఆపేశారు. కొత్తదాన్ని పరీక్షించినప్పుడు 50 దాటినవాళ్ళలో 97 శాతం, 70 దాటినవాళ్ళలో కూడా 90 శాతం దాకా జబ్బును ఆపింది. మా వయసువాళ్ళ ఒంట్లో టీకాలు సరిగా పట్టవనే మాట వింటూ వచ్చినవాడిని. ఆ 90 చూసి నిజంగా సంతోషపడ్డాను.

సిస్టరమ్మ నా ముందే ఐస్ పెట్టెలోంచి రెండు చిన్న సీసాలు తీసింది. ఒకదాంట్లో తెల్లటి పొడి, ఇంకోదాంట్లో ద్రవం. ద్రవాన్ని పొడిలోకి ఎక్కించి, అరచేతిలో మెల్లగా తిప్పి, తేటపడ్డాక భుజం కండలోకి ఇచ్చింది. ఆ సాయంత్రం ఏమీ లేదు. రాత్రి రెండింటికి చలి పట్టుకుంది. ఒళ్ళంతా కొట్టినట్టు నొప్పులు. మర్నాడు చొక్కా తొడుక్కోవడానికి చెయ్యి లేవలేదు, మా ఆవిడ గుండీలు పెట్టింది. పారాసిటమాల్ వేసుకున్నాను, రెండో రోజు సాయంత్రానికి మామూలు మనిషినయ్యాను. రెండో డోసుకీ ఇంచుమించు ఇదే. ఈ సంగతి ముందే చెప్పాలి, లేకపోతే మొదటి డోసుకి జ్వరం వచ్చిందని భయపడి రెండోది మానేస్తారు. మా కాలనీలో ఒకాయన అలాగే మానేశారు.

ఇంకో ముచ్చట. ఆటలమ్మ వైరసే మళ్ళీ లేచి సర్పి అవుతుందని మొదట గట్టిగా చెప్పినవాడు పెద్ద పరిశోధనశాల శాస్త్రవేత్త కాదు. ఇంగ్లండులో సైరెన్సెస్టర్ అనే చిన్న ఊళ్ళో ప్రాక్టీసు చేసుకునే డాక్టరు, ఎడ్గర్ హోప్-సింప్సన్. ఏళ్ళ తరబడి తన దగ్గరికి వచ్చే సర్పి రోగుల వివరాలు రాసిపెట్టుకుని 1965లో ఆ సంగతి బయటపెట్టాడు. ఒక ఊరి డాక్టరు ఓపిగ్గా రాసుకున్న లెక్కలు నా భుజం దాకా వచ్చాయి కదా అనుకున్నాను ఆ రోజు.

సంపెంగ | మే 20, రాత్రి 9.10

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. ఇంకొక్క సందేహం. మా చెల్లికి ఏడో నెల, వచ్చేవారం పుట్టింటికి వస్తోంది. దానికి చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చిందో లేదో అమ్మకే గుర్తులేదు. అమ్మ నుంచి దానికి అంటుతుందా? వద్దని చెప్పమంటారా? అమ్మ మాత్రం "నన్ను ముట్టుకోనివ్వకండి దాన్ని" అని ఇప్పటి నుంచే ఏడుస్తోంది.

తెల్లకోటు | మే 20, రాత్రి 11.00

పిలిపించండి, అమ్మగారి పక్కనే కూర్చోబెట్టండి. పొక్కుల్లో నీరు ఉన్నంతవరకే ప్రమాదం. పక్కు కట్టి ఎండిపోయాక అంటదు. అమ్మగారి పొక్కులు మాని రెండు నెలలైంది, మిగిలింది నొప్పే. నొప్పి అంటుకోదు.

చదివే మిగతావాళ్ళ కోసం: సర్పి ఒకరి నుంచి ఒకరికి సర్పిగా అంటదు. ఆటలమ్మ రాని, దాని టీకా పడని వాళ్ళకి ఆ పొక్కుల నీరు తగిలితే ఆటలమ్మ వస్తుంది. గర్భిణులకి, పసిపిల్లలకి అది మంచిది కాదు. అందుకని పచ్చి పొక్కులున్నన్నాళ్ళు వాటిని బట్టతో కప్పి ఉంచాలి, తువ్వాలు వేరుగా పెట్టాలి, వాళ్ళని దూరంగా ఉంచాలి.

పూర్ణా మార్కెట్ మందులు | మే 21, మధ్యాహ్నం 3.15

నాకు మందుల షాపు ఉంది. ఈ టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి, గడ్డకట్టకూడదు. మేం అందరం స్టాకు పెట్టం, చెబితే తెప్పిస్తాం. మీరు షాపులో కొని బయటి క్లినిక్‌కి తీసుకెళ్తుంటే ఐస్ ప్యాకు ఉన్న డబ్బాలో పెట్టించుకోండి. సీసా నేరుగా ఐసుకి ఆనకూడదు, మధ్యలో గుడ్డ గానీ అట్ట గానీ ఉండాలి. బండి డిక్కీలో పెట్టుకుని దారిలో కూరగాయలకి ఆగినవాళ్ళని చూశాను, మే నెల ఎండలో డిక్కీ ఎలా కాలుతుందో మీకు తెలుసు. నన్నడిగితే టీకా వేసేచోటే స్టాకు ఉన్న ఆసుపత్రికి వెళ్ళడం మేలు. నా బేరం పోయినా సరే.

మద్దిలపాలెం పద్మం | మే 21, సాయంత్రం 6.40

నాకు 57. కీళ్ళవాతం, దానికి మెథోట్రెక్సేట్ (నిరోధక శక్తిని తగ్గించే మందు) వాడుతున్నాను. ఇలాంటి మందులు వాడేవాళ్ళు టీకాలు వేసుకోకూడదని మా వాళ్ళు అంటున్నారు.

తెల్లకోటు | మే 21, రాత్రి 10.45

పద్మం గారూ, మాస్టారు చెప్పారు చూడండి, దీంట్లో బతికున్న వైరస్ లేదని. ఆ మాట మీకోసమే. బతికున్న వైరస్ టీకాలు మీలాంటివాళ్ళకి వద్దంటాం. ఇది పర్వాలేదు, నిజానికి మీకే ఎక్కువ అవసరం. మామూలుగా రెండు డోసుల మధ్య 2 నుంచి 6 నెలలు ఉండాలి. నిరోధక శక్తి తక్కువున్నవాళ్ళకి డాక్టరు నెల, రెండు నెలలకే రెండోది వేయవచ్చు. మీ కీళ్ళ డాక్టరుతో మాట్లాడి తేదీ పెట్టుకోండి. సొంతంగా మందు ఆపి వేయించుకోవద్దు.

మర్రిపాలెం మాస్టారు | మే 22, ఉదయం 5.45

డాక్టరుగారూ, సర్పి టీకా మతిమరుపును కూడా తగ్గిస్తుందని పేపర్లో చదివాను. ఎంతవరకు నమ్మవచ్చు?

తెల్లకోటు | మే 22, రాత్రి 9.30

2025లో వేల్స్ దేశపు లెక్కలతో వచ్చిన పరిశోధన అది, మాస్టారూ. అక్కడ పుట్టినతేదీని బట్టి కొందరికి టీకా అందింది, కొద్దిరోజులు ముందు పుట్టినవాళ్ళకి అందలేదు. ఏడేళ్ళలో టీకా పడినవాళ్ళలో డిమెన్షియా ఐదో వంతు తక్కువగా కనిపించింది. గట్టి లెక్కే. కానీ అది పాత జోస్టావాక్స్. దీనికోసమని మాత్రం టీకా వేయించుకోమని నేను చెప్పను. నరం నొప్పి తప్పుతుందన్న కారణం ఒక్కటి చాలు నాకు.

భీమిలి కోడలు | మే 24, ఉదయం 7.10

సంపెంగ గారూ, నొప్పి మాత్రల గురించి ఒక జాగ్రత్త. మా అత్తయ్యగారికి ప్రీగాబాలిన్ మొదలుపెట్టిన మూడో రాత్రి బాత్రూమ్‌కి లేచి తూలి పడిపోయారు. గడప తగిలి నుదురు చిట్లింది. అప్పటి నుంచి చిన్న లైటు వేసి ఉంచుతున్నాం. మంచం దిగేముందు కాసేపు కూర్చుని లేవమంటున్నాం. డాక్టరు డోసు సగానికి తగ్గించి మళ్ళీ మెల్లగా పెంచారు. ఇప్పుడు నొప్పి బాగా తగ్గింది. మీ అమ్మగారికి ఆ మందు మొదలుపెడితే వారం పది రోజులు పక్కనే పడుకోండి.

ఇంకోటి, మా అత్తయ్యగారికి డాక్టరుగారి జవాబు చదివి వినిపించాను. రెండు కొసలూ కలవవని రెండుసార్లు చదివించుకున్నారు. ఇప్పుడు అద్దం అడగడం లేదు.

గాజువాక తమ్ముడు | జూన్ 27, రాత్రి 9.55

నెల తర్వాత రాస్తున్నాను. మొన్న ఆదివారం మా పెద్దమ్మకి, పెందుర్తిలో ఉంటుంది, నడుం పక్కన మంటగా ఉందని ఫోనొచ్చింది. సాయంత్రం వెళ్ళి చూస్తే నాలుగైదు పొక్కులు, ఒక్క పక్కనే. ఎండలో తిరిగావు, వేడి చేసిందని పెదనాన్న అంటున్నాడు. నేను ఒప్పుకోలేదు. బండి మీద కూర్చోబెట్టుకుని ఆ రాత్రే చూపించాను. సర్పే. ఆ రాత్రే మొదటి మాత్ర పడింది. ఇవాళ్టికి ఆరో రోజు, పక్కు కడుతున్నాయి, రాత్రి నిద్ర పడుతోందట. డాక్టరుగారూ, సంపెంగక్కా, మీరిక్కడ రాయకపోతే నేనూ వేడి అనే అనుకునేవాడిని. నాన్నకి టీకా కోసం చీటీ పాట ఎత్తాక ఆలోచిస్తాను. షుగరు ఆయనకే ఉంది కాబట్టి ముందు ఆయనకే.

సంపెంగ | జూలై 6, రాత్రి 8.20

నిన్న నాన్నకి మొదటి డోసు వేయించాను. నెలరోజులు "నాకేం కాదు" అంటూనే ఉన్నారు. చివరికి ఒప్పించింది నేను కాదు. అమ్మ లాల్చీ ఒడిసిపట్టుకుని వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది. "నన్ను చూస్తున్నారు కదా, ఇది మీకు వస్తే నేను చూడలేను" అంది. ఆయన మాట్లాడకుండా లేచి చొక్కా తొడుక్కున్నారు. రాత్రి నూటొక్క డిగ్రీల జ్వరం వచ్చింది. మాస్టారు ముందే చెప్పారు కాబట్టి టెన్షన్ పడలేదు. ఇవాళ లేచి పేపరు చదువుకుంటున్నారు.

ఉక్కునగరం పెద్దాయన | జూలై 7, ఉదయం 6.30

మంచి పని చేశావమ్మా. రెండోదాని తేదీ క్యాలెండరు మీద రాసిపెట్టు. నేనూ రాసుకున్నాను, మా ఇద్దరికీ.

సంపెంగ | సెప్టెంబరు 9, రాత్రి 9.00

నాన్నకి రెండో డోసు నిన్న పడింది. అమ్మకి కూడా అదే రోజు మొదటిది వేయించాం. చెల్లికి ఆగస్టులో పాప పుట్టింది, ఇద్దరూ క్షేమం.

అమ్మకి నొప్పి నిపుణుల దగ్గర మందు మార్చారు. పూర్తిగా పోలేదు. మేఘం పట్టినప్పుడు మళ్ళీ సలుపుతుంది. కానీ పోయినవారం నుంచి జాకెట్టు వేసుకుంటోంది. ఇందాక గదిలోకి వెళ్తే పాపని ఎడమవైపు పడుకోబెట్టుకుని, అటే తిరిగి నిద్రపోతోంది. ఫ్యాను తిరుగుతోంది.